ఊకెన్ వాళ్ళ ట్యాంకులో మిగిలిన పాలు

పాల ట్యాంకర్ తోలేవాడికి ఊళ్ళ గుట్టంతా తెలుస్తుంది. ఎవరింట్లో ఆవు ఈనిందీ, ఏ అన్నదమ్ములు మాటలు మానేశారూ, ఎవరు పొద్దున్నే మందు కొట్టి ఉన్నారూ, అన్నీ. ఓనో టెబ్బెన్‌కు కూడా తెలిసేవి గానీ ఒకరింటి మాట ఇంకొకరింటికి మోసే రకం కాదతను. జర్మనీలోని ఎమ్డెన్‌కు ఉత్తరాన, సముద్రపు కరకట్ట దాకా పరుచుకున్న పచ్చిక నేలల్లో ముప్పై ఎనిమిది పాడి ఇళ్ళు అతని వంతు. రోజు విడిచి రోజు ప్రతి ఇంటి ముందూ బండి ఆపడం, పాలగదిలో చల్లబెట్టి ఉంచిన ట్యాంకుకు గొట్టం తగిలించడం, పాలు లాగేసుకోవడం, చీటీ రాసిచ్చి, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ మా వైపు అందరూ అనే "మొయిన్" ఒకటి అని కదిలిపోవడం.

ఆదివారం మాత్రం నల్ల చొక్కా తొడుక్కుని, ఈల జేబులో వేసుకుని బెజిర్క్స్‌లీగా ఫుట్‌బాల్ ఆటలకు రిఫరీగా వెళ్ళేవాడు. టీవీలో కనిపించే ఆటగాళ్ళకు అయిదు మెట్లు కింద ఉండే లీగ్ అది. తాపీవాళ్ళు, రైతుల కొడుకులు, రేవులో సరుకు దించేవాళ్ళు ఆడతారు. గెలిచినా ఓడినా సోమవారం ఆరింటికల్లా పనిలో ఉండాలి. నూట యాభై మంది చూడ్డానికొస్తే జనం బాగా వచ్చారన్నట్టు. కానీ ఆ నూట యాభై నోళ్ళూ పదివేల మంది పెట్టు.

"ఓనో! మా పాలలో చుక్క నీళ్ళు పడితే కనిపెడతావు, ఆఫ్‌సైడు కనిపెట్టలేవా?"

"చందాలేసుకుని కళ్ళజోడు కొనిస్తాం రా!"

ఇవన్నీ ఓనోకు అలవాటే. పదకొండేళ్ళుగా వింటున్నాడు. వాళ్ళు ఎంత అరిచినా, ఫలానా ఊరికి కొమ్ముకాశాడని మాత్రం ఎవరూ అనలేదు. అది అతనికి చాలా విలువైన సంగతి.

కరకట్ట కింద చిట్టచివరి ఇల్లు గెజీనా ఊకెన్‌ది. భర్త పోయి చాలా కాలమైంది. కూతురు వీబ్కె, కొడుకు టామో, అరవై ఆవులు. టామోకు ఇరవై మూడేళ్ళు. ఊటర్‌జీల్ జట్టులో తొమ్మిదో నంబరు. పాదరసంలాంటి కుర్రాడు. దానితో పాటు ఇంకో విద్య కూడా ఉంది: పడిపోవడం. ఎవరూ తాకకుండానే గాల్లోకి లేచి, గిరగిరా తిరిగి, మోకాలు పట్టుకుని ఎంత అందంగా పడేవాడంటే, అటువైపు జట్టు వాళ్ళు కూడా ఒక్క క్షణం జాలిపడేవాళ్ళు.

1987 ఏప్రిల్లో ఊటర్‌జీల్ మైదానంలో, మార్కెన్‌ఫేన్ జట్టు మీద ఆట జరుగుతుంటే, గోలు ముందు సరిగ్గా అలాగే పడ్డాడు. ఓనో పెనాల్టీ ఇచ్చాడు. ఆ ఒక్క గోలుతో ఊటర్‌జీల్ గెలిచింది. ఆట అయ్యాక క్లబ్బు గదిలో అందరూ బీరు తాగుతుంటే టామో బల్ల ఎక్కి గ్లాసు పైకెత్తాడు.

"రిఫరీ, నీ ఆరోగ్యం కోసం! నన్నెవడూ ముట్టుకోలేదు. గడ్డిపోచ తగిలి పడ్డా!"

గది గదంతా గొల్లుమంది. ఓనో కూడా నవ్వినట్టే మొహం పెట్టి, బీరు సగంలో వదిలేసి బయటికొచ్చాడు.

ఆ వేసవి అంతా పాల దారి పొడుగునా అదే మాట. "మా ఆవు జారిపడింది ఓనో, పెనాల్టీ ఇస్తావా?" అని ఒకడు. తలుపు దగ్గర కావాలని తూలిపడి, నేలమీద దొర్లుతూ "అమ్మో, కాలు!" అని ఇంకొకడు. గెజీనా కూడా ఊరుకోలేదు. పాలగది గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని, "మావాడు నీకు భలే టోపీ పెట్టాడటగా!" అంది. ఆవిడకు కొడుకు చిలిపితనమంటే మురిపెం. ఓనో చీటీ రాసి చేతిలో పెట్టి, "మళ్ళీ నా ఆటలోకి రాకపోతాడా, చూస్తా గెజీనా గారూ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తరవాత ఎన్నో ఏళ్ళపాటు ఆ మాట అతని చెవుల్లో నవ్వు లేకుండా వినిపించింది.

అక్టోబరులో అవే రెండు జట్లు, ఈసారి మార్కెన్‌ఫేన్‌లో. కాలువ పక్కన మైదానం. పొద్దుటి నుంచీ కురిసిన వాన మధ్యాహ్నానికి తగ్గింది గానీ నేలంతా చిత్తడి. ఒకటీ ఒకటీ సమానంగా ఉన్నారు. డెబ్బయ్యో నిమిషంలో టామో బంతి లేకుండా, ఎవరూ దగ్గర లేకుండా, మైదానం మధ్యలో కూలబడ్డాడు. ఈసారి గిరగిరా తిరగలేదు. బస్తా పడ్డట్టు పడ్డాడు.

జనం ఈలలు వేశారు. "లేవరా మహానటుడా!" అని మార్కెన్‌ఫేన్ వాళ్ళు, "వానకు నిద్దరొచ్చింది పాపం" అని ఇంకెవరో. ఓనో పరుగెత్తుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు. టామో చెంప బురదలో ఆనించి, ఒక కన్నుతో పైకి చూస్తున్నాడు. పెదాలు కదిలాయి. చుట్టుపక్కల ఇరవై అడుగుల్లో ఇంకెవరూ లేరు.

"ఈసారి నిజం, రిఫరీ."

"నాటకాలు చాలు. లే."

అంటూనే ఓనో జేబులోంచి పసుపు కార్డు తీసి, నూట యాభై మందికీ కనబడేలా చెయ్యి నిటారుగా పైకెత్తాడు. కొందరు చప్పట్లు కొట్టారు. ఏప్రిల్ నుంచీ ఆ చప్పట్ల కోసమే ఎదురుచూశాడేమో, చెయ్యి వెంటనే దించలేదు. అంతలో కింద నుంచి ఒక చప్పుడు వచ్చింది. ఖాళీ అవుతున్న గొట్టం గాలి లాగినట్టు, పొడుగ్గా, తడిగా. ఆ తర్వాత ఏమీ లేదు.

ఊటర్‌జీల్ గోల్‌కీపర్‌కే ముందు అర్థమైంది. "ఓనో, చెయ్యి దించు! చెయ్యి దించు!" అని అరుస్తూ అంత దూరం నుంచి పరుగెత్తుకొచ్చాడు.

అంబులెన్సు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. గుండె అన్నాడు డాక్టరు. పుట్టుకతోనే ఏదో లోపం ఉండి ఉంటుందనీ, ఎవరూ చేయగలిగింది లేదనీ అన్నాడు. గెజీనా వచ్చాక ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "క్షణంలో పోయాడమ్మా. ఏం జరుగుతోందో కూడా వాడికి తెలిసి ఉండదు" అని చెప్పాడు. అయిదడుగుల దూరంలో నిలబడి ఓనో ఆ మాట విన్నాడు.

ఆటగాళ్ళందరూ వెళ్ళిపోయాక రిఫరీ గదిలో కూర్చుని ఆట నివేదిక నింపాడు. జట్ల పేర్లు, గోల్స్, ఆట ఆగిపోయిన నిమిషం, కారణం. హెచ్చరికలు రాయాల్సిన గడి దగ్గర పెన్ను ఆగింది. ఆ గడి ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాడు.

బుధవారం లీగ్ కార్యదర్శి హాయో ఫోన్ చేశాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఎప్పుడో ఓనోకు ఈల పట్టుకోవడం నేర్పింది ఆయనే.

"కార్డు చూపించావటగా?"

"చూపించాను."

"నివేదికలో లేదు."

"లేదు."

"లేకపోవడమే మంచిదిలే. చచ్చిపోయిన పిల్లాడి పేరు మీద అదొకటి దేనికి?"

"నేను ఈల తిరిగి ఇచ్చేస్తున్నా."

"రిఫరీల్లేక ఛస్తున్నాంరా ఓనో. నీ తప్పేం లేదని అందరూ అంటున్నారు."

"అందరూ దూరంగా ఉన్నారు" అన్నాడు ఓనో.

ఆవులకు చావు తెలీదు. ఆ ఫోనుకు ముందు రోజు, మంగళవారం పొద్దున్న, ఊకెన్ వాళ్ళ ట్యాంకు ఎప్పటిలాగే నిండి ఉంది. ఓనో గొట్టం తగిలించి పంపు వేశాడు. పాలగదిలో ఎవరూ లేరు. పెరటి తీగ మీద ఉతికి ఆరేసిన నీలం చొక్కాలు పది. ఆ వారం జట్టు బట్టలు ఉతికే వంతు ఊకెన్ వాళ్ళది. ఎవరు ఉతికారో, ఏ మనసుతో ఉతికారో. తొమ్మిదో నంబరు చొక్కాను ఆసుపత్రి వాళ్ళు కత్తిరించి తీశారని ఓనోకు తెలుసు. అయినా తీగ మీద తొమ్మిది కోసం వెతికాడు. ఇంతలో ట్యాంకులో పాలు అడుగంటి, గొట్టం గాలి లాగడం మొదలుపెట్టింది. పొడుగ్గా, తడిగా. ఓనో ఒక్క ఉదుటున పంపు కట్టేసి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

అప్పటి నుంచీ ఏ ఇంట్లోనూ ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయనిచ్చేవాడు కాదు. గొట్టం చప్పుడు మారబోతుండగానే కట్టేసేవాడు. రైతులు గొణిగారు, డైరీవాళ్ళు పిలిచి మందలించారు. దాంతో మిగతా ముప్పై ఏడు ఇళ్ళల్లో పళ్ళు బిగబట్టి చివరిదాకా లాగడం అలవాటు చేసుకున్నాడు. ఊకెన్ వాళ్ళింట్లో మాత్రం చేతకాలేదు.

ఇంకో సంగతి. మా వైపు బండి తోలేవాళ్ళు ఎదురుపడితే స్టీరింగు మీంచి ఒక వేలైనా లేపుతారు. ఓనో మానేశాడు. కుడిచెయ్యి పైకి లేవాలంటే భయం. "ఓనోకు గర్వం పట్టింది" అనుకున్నారు కొందరు. అతని భార్య ఆల్ముట్‌కు మాత్రం అసలు సంగతి తెలుసు. "నిద్రలో నీ చెయ్యి గాల్లో నిలబడి ఉంటోందయ్యా. నేనే పట్టుకుని దించుతున్నా" అని ఒకరోజు చెప్పింది. ఎందుకని అడగలేదు. అడిగితే బాగుండేదని ఓనోకు అనిపించేది, అడగనందుకు ఊపిరి పీల్చుకునేవాడు కూడా.

ఆదివారాలు ఇంట్లో ఉండలేకపోయేవాడు. ఏదో ఒక ఊరి మైదానంలో, జనం లేని వైపు కంచె దగ్గర నిలబడి ఆట చూసేవాడు. అరవై అయిదో నిమిషం దాటగానే కారు దగ్గరకు నడిచేవాడు. గడ్డి మీద తన వెనక ఎడమవైపు ఎవరో తేలిగ్గా పరుగెడుతున్నట్టు ఉండేది. రిఫరీగా ఉన్నప్పుడు అలాంటి అడుగుల చప్పుడు మామూలే, ఎవరో ఒకరు వెనక ఉంటారు. ఇప్పుడు ఎవరూ ఉండరని తెలిసి, వెనక్కి తిరగకుండా నడిచేవాడు.

మూడో చలికాలంలో, ఒక పొగమంచు పొద్దున్న, గెజీనా పాలగదిలో అతనికోసం కాచుక్కూర్చుంది. రబ్బరు బూట్లు, తలకు గుడ్డ. టామో పోయాక ఆవిడ అతనితో మాట్లాడడం అదే మొదలు.

"ప్రతిసారీ మా ట్యాంకులో అయిదారు లీటర్లు వదిలేసి పోతున్నావు. రెండేళ్ళ పైనుంచి చూస్తున్నా. పిల్లులకు పోస్తున్నాం. పక్కింట్లో వదలవట. మా పాలేం పాపం చేశాయి?"

ఓనో ఏదో చెప్పబోయాడు, పంపు పాతదని. ఆవిడ కళ్ళల్లోకి చూశాక ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు.

"చివర్లో గొట్టం చేసే చప్పుడు వినలేను, గెజీనా గారూ."

"ఎందుకని?"

అప్పుడు చెప్పాడు. ట్యాంకు మూత మీద చూపు నిలిపి, మొత్తం చెప్పాడు. క్షణంలో పోలేదనీ, టామో తనతో మాట్లాడాడనీ, ఏమన్నాడో కూడా. గెజీనా బకెట్ కింద పెట్టింది.

"నువ్వేమన్నావు?"

"నాటకాలు చాలు, లే అన్నాను."

ఆవిడ అరుస్తుందనుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు. గెజీనా బకెట్ తీసుకుని, కుళాయి తిప్పి, కడిగిందే కడిగింది. నీళ్ళు పొర్లిపోతున్నా కడుగుతూనే ఉంది. ఓనో చీటీ రాసి కిటికీ అంచున పెట్టి వెళ్ళిపోయాడు. ఇక ఆ ఇంటికి వేరే డ్రైవర్ని వెయ్యమని డైరీకి కబురు వస్తుందని అనుకున్నాడు. రాలేదు.

రోజు విడిచి మళ్ళీ వెళ్ళేసరికి గెజీనా గుమ్మంలో నిలబడి ఉంది.

"చెప్పు."

"ఏంటి?"

"వాడు అన్నది. నువ్వన్నది వద్దు. వాడన్నట్టే చెప్పు. గొంతు ఎలా ఉందో అలాగే."

"ఈసారి నిజం, రిఫరీ" అన్నాడు మెల్లగా.

"అలాగే అన్నాడా? ఇంకా పైకి అన్నాడా? వాడిది సన్నటి గొంతు."

"ఇంకొంచెం లోగొంతుకతో."

"అలా అను మరి."

అన్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుని విని, తల ఊపి, పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయింది.

అది మొదలు. రోజు విడిచి రోజు, వానైనా మంచైనా, గెజీనా వచ్చి "చెప్పు" అనేది. అతను చెప్పేవాడు. ఒక్కోసారి అంతే. ఒక్కోసారి "ఏడుస్తున్నట్టుందా?" అని అడిగేది. "లేదు. ఆశ్చర్యపోయినట్టుంది" అనేవాడు. అది విన్న రోజు ఆవిడ చాలాసేపు అక్కడే నిలబడింది. ఎవరైనా తలుపు తోసుకుని వస్తే ఇద్దరూ చప్పున పాల ధర గురించి మాట్లాడుకునేవాళ్ళు. ముఖ్యంగా వీబ్కె వస్తే. అన్న నొప్పి తెలియకుండా పోయాడన్న మాట పట్టుకునే ఆ పిల్ల నిలదొక్కుకుందని గెజీనా అనేది. "దానికి తెలియనివ్వకు. ఇది మనిద్దరిదే."

దారిలో ముందున్న ఇల్లు దాటగానే ఓనో బండిలో ఒంటరిగా ఆ నాలుగు ముక్కలూ అనుకుంటూ వచ్చేవాడు, స్వరం తప్పకుండా. పాలగదిలో ఆ మాట అన్నప్పుడల్లా మూల పడుకున్న పిల్లి తలెత్తి అతని పక్కన ఖాళీ చోటుకేసి చూసేది. అతను చూసేవాడు కాదు. ఆల్ముట్‌తో కూడా ఈ సంగతి అనలేదు. చేసిన దానికి ఇది శిక్షా, లేక తనకు దక్కిన ఒకే ఒక్క పనా అన్నది అతనికి తేలలేదు. ఒక్కటి మాత్రం నిజం: ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఇంటి వంతు ఇంకొకరికి ఇచ్చి సెలవు పెట్టలేదు. జ్వరంతో కూడా వెళ్ళాడు.

తొంభై ఎనిమిదిలో, గడ్డి కోతల రోజుల్లో, గెజీనా మామూలుగా "చెప్పు" అంది. ఓనో నోరు తెరిచాడు. ఏమీ రాలేదు.

"మాటలు గుర్తున్నాయి" అన్నాడు. "గొంతు గుర్తు రావడం లేదు, గెజీనా గారూ. కొన్నాళ్ళుగా ఇంతే. మీకు చెప్పే భయం కొద్దీ అలాగే అంటూ వస్తున్నా. ఇప్పుడు అందులో నా గొంతే వినిపిస్తోంది. వాడిది నేనే అరగదీసేశాను."

గెజీనా అతని మొహంలోకి చూసింది. అప్పటికే జుట్టంతా తెల్లబడిపోయింది ఆవిడకు.

"నాకు ఏడాది కిందటే పోయింది" అంది. "ఇంట్లో నన్ను పిలిచే గొంతు, తిట్టే గొంతు, అంతా పోయింది. నీ దగ్గరైనా మిగిలి ఉందేమోనని అడుగుతున్నా."

ట్యాంకులో చల్లబెట్టే మోటారు తనంతట తాను ఆగిపోయి, గదిలో ఈగల చప్పుడు వినిపించింది. కరకట్ట మీద గొర్రెలు అరుస్తున్నాయి.

"రా, టీ తాగి పో" అంది గెజీనా.

ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటికి వస్తున్నాడు గానీ వంటింట్లోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. కప్పులో కలకండ పలుకు వేసి ఆవిడ వేడి టీ పోసింది. పలుకు చిటపటమని పగిలింది. పైన చెంచాతో మీగడ వదిలింది. మా దగ్గర మూడు కప్పులు తాగకుండా లేస్తే మర్యాద కాదు. మూడూ తాగాడు. గోడ మీద టామో ఫొటో ఉంది, గుర్రపుస్వారీ బట్టల్లో, పదేళ్ళప్పటిది. ఫుట్‌బాల్ చొక్కాలో ఉన్నది ఒక్కటీ లేదు.

ఆ తర్వాత గెజీనా మళ్ళీ "చెప్పు" అనలేదు. వేళ కుదిరితే టీ, లేకపోతే గుమ్మంలోంచి "మొయిన్", అంతే. ఓనోకు తేలిక పడాలి నిజానికి. పడలేదు. ఆ మాట అడిగేవాళ్ళు లేకపోవడంతో అది అతని లోపలే తిరగడం మొదలుపెట్టింది, ఎవరి గొంతూ కాని గొంతుతో. బండి తోలుతూ ఉన్నట్టుండి పైకి అనేసేవాడు. అని, పక్క సీటు వైపు చూసేవాడు.

2004 మార్చిలో గెజీనా పోయింది. అరవై తొమ్మిదేళ్ళు. పశువుల కొట్టంలోనే కూలింది. అప్పటికి ఊటర్‌జీల్‌కూ మార్కెన్‌ఫేన్‌కూ ఒక్కొక్క ఊళ్ళో పదకొండు మంది దొరక్క రెండు క్లబ్బులూ కలిసి ఒకే జట్టు అయిపోయాయి. శవపేటికను మోసినవాళ్ళలో ఆనాటి గోల్‌కీపరూ ఉన్నాడు, ఆనాడు మార్కెన్‌ఫేన్‌కు ఆడిన ఇద్దరూ ఉన్నారు. టామోను పూడ్చిన రోజు శ్మశానం గేటు బయటే ఆగిపోయిన ఓనో ఈసారి ఆగలేదు. లోపలికి వెళ్ళి మట్టి వేశాడు.

మూడో రోజు పాలకు వెళ్ళినప్పుడు వీబ్కె ట్యాంకు దగ్గర ఉంది. చేతులు తుడుచుకుంటూ, "ఓనో, ఒకటి అడుగుతా" అంది.

"అడుగు."

"మా అమ్మా నువ్వూ ఇన్నేళ్ళూ ఈ గదిలో ఏం మాట్లాడుకునేవాళ్ళు? నేను రాగానే ఆపేసేవాళ్ళు."

ఓనో గొట్టం బిగిస్తూ ఆలోచించాడు. గెజీనా కోరిక ఒకవైపు. ముప్పై ఆరేళ్ళు నిండిన ఈ మనిషి, అన్న చివరి మాట వినే హక్కున్న ఏకైక మనిషి, ఇంకోవైపు.

"పాల గురించే. వెన్న ఎంత శాతం వచ్చిందీ, అదీ ఇదీ."

"డైరీ పంపే ఆ శాతాల కాగితాలు మా అమ్మ ఏనాడూ తెరిచి చూడలేదు. అన్నీ నేనే చదివేదాన్ని." వీబ్కెకు కోపం రాలేదు. గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగింది. "చెప్పాలనిపించినప్పుడు చెప్పు. తొందరేం లేదు. నువ్వు ఎల్లుండి మళ్ళీ వస్తావు, నేనిక్కడే ఉంటా."

ఓనో పని మానేదాకా ఇంకో పన్నెండేళ్ళు ఆ ఇంటికి వెళ్ళాడు. వీబ్కె మళ్ళీ అడగలేదు. అతనూ చెప్పలేదు. కొన్ని పొద్దుల్లో మాత్రం చీటీ అందుకున్నాక కూడా ఆవిడ గుమ్మంలోంచి కదిలేది కాదు. ఓనో టోపీ సర్దుకునేవాడు, బండి తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకునేవాడు. "మొయిన్" అనేది వీబ్కె చివరికి. "మొయిన్" అని అతను బండెక్కేవాడు.